పానా మన చేతికి ఎందుకు రాలేదు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రెండు రోజులుగా మీరు గృహహింస గురించీ, భూమి పట్టాల గురించీ, కూలి రేట్ల గురించీ మాట్లాడుకున్నారు. వాటి మధ్యలో నేనొచ్చి ఒక పాత స్పోర్ట్స్ కారు గురించి మాట్లాడతాననడం విడ్డూరంగానే ఉంటుంది. "అది డబ్బున్న మగవాళ్ల సరదా కదా, మనకెందుకు?" అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి "డబ్బున్న", రెండోది "మగవాళ్ల". మొదటిదానికి నా లెక్కలు చెప్తాను. రెండోదానికి చరిత్ర చెప్తాను.

నాది తెనాలి దగ్గర పల్లె. నర్సుగా 2001లో ఇంగ్లండు వెళ్లాను. లెస్టర్‌లో స్థిరపడ్డాం. 2007లో మా ఆయన పోయారు. 2009లో నా జీతంలోంచి దాచుకున్న 2,400 పౌండ్లు పెట్టి 1971లో తయారైన ఎంజీబీ జీటీ అనే కారు కొన్నాను. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో 2 లక్షల లోపే. మా చుట్టాల్లో ఆడపిల్ల పెళ్లికి పెట్టే బంగారంతో పోలిస్తే అది చిన్న మొత్తం. బంగారానికి పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కారుకి పెట్టాను కాబట్టి ఫోన్లు వచ్చాయి. "మొగుడు పోయి రెండేళ్లన్నా కాలేదు, ఎర్ర కారా తల్లీ! కనీసం తెల్లది దొరకలేదా?" అంది మా పెద్దమ్మ. ఆమెను తప్పు పట్టను. ఆమె నేర్చుకున్నదే ఆమె అడిగింది. కానీ ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూడండి. నా సంపాదన మీద నా హక్కు, నా తీరిక మీద నా హక్కు, చివరికి రంగు మీద నా హక్కు, అన్నీ ఆ మాటలో తూకానికి వచ్చాయి.

ఎంజీ అనే పేరు మీరు 2019 నుంచి మన రోడ్ల మీద కొత్త కార్ల మీద చూస్తున్నారు. ఆ పేరు ఇప్పుడు చైనా సంస్థది. నేను చెప్తున్నది పాత బ్రిటిష్ ఎంజీ. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గరలోని ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఎంజీబీ తయారైంది. 5 లక్షలకు పైగా చేశారు. పైకప్పు రేకుతో ఉండే జీటీ రకం 1965లో వచ్చింది. ఇది జమీందార్ల కోసం చేసిన కారు కాదు. మామూలు కుటుంబాల కార్లలో పెట్టే ఇంజనునే కొంచెం పెద్దది చేసి, అందమైన రేకు తొడిగి, ఉద్యోగస్తులు కొనగలిగే ధరకు అమ్మారు. మన అంబాసడర్‌లో చాలా కాలం ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజను, నా కారులోని 1798 సీసీ ఇంజను ఒకే వంశానివి. మన ఊళ్లో అంబాసడర్ బానెట్ ఎత్తి చూసినవాళ్లకు నా కారు ఇంజను కొత్తగా అనిపించదు.

అన్ని లక్షల కార్లు చేశారు కాబట్టి విడిభాగాలు ఇవాళ్టికీ దొరుకుతాయి. 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీలు కూడా తయారుచేసి అమ్మారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. ఇక ఖర్చులో పెద్ద భాగం మెకానిక్కు కూలి. ఆ పని మనమే చేసుకుంటే మిగిలేది సామాను ఖర్చే. ఇదీ "డబ్బున్న" అనే మాటకు నా లెక్క. అందరికీ అందే సరదా అని నేననను. కూలికి వెళ్లే అక్కకి ఇది అందదు. కానీ మధ్యతరగతి ఇళ్లలో మగవాడు మోటారు సైకిలుకి పెట్టే డబ్బు సరదా అనీ, ఆడది పెట్టే డబ్బు దుబారా అనీ అంటారే, అక్కడ అడ్డుపడేది డబ్బు కాదు.

ఇప్పుడు ఈ పని అంటే ఏమిటో చెప్తాను. ఇలాంటి కారు మంచి చెడ్డలన్నీ తుప్పు దగ్గర మొదలవుతాయి. ఎంజీబీకి విడిగా చాసీ ఉండదు. రేకు పెట్టే దాని ఎముకల గూడు. తలుపుల కింద, ముందు నుంచి వెనక్కి పోయే పెట్టెలాంటి భాగాన్ని సిల్లు అంటారు. కారు బరువు మోసేది అదే. ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సిల్లులోకి చేరి లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కొందరు అమ్మేముందు చిల్లుల్లో పుట్టీ కూరి, పైన రంగు కొడతారు. దాన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం చాలు. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. నేను కారు చూడటానికి వెళ్లినప్పుడు అయస్కాంతం తీసి సిల్లు పొడవునా జరిపితే, అమ్మే ఆయన ముఖం మారింది. కుడివైపు సిల్లు సగం పుట్టీయే. ధర తగ్గింది.

ఆ సిల్లు కోసి కొత్తది వెల్డింగు చెయ్యాలి. అలా కోసేముందు లోపల ఇనుప కడ్డీలతో ఆనింపు పెట్టుకోవాలి. లేకపోతే బాడీ కుంగుతుంది, తరవాత తలుపులు సరిగ్గా మూసుకోవు. వెల్డింగు అయ్యాక లోపలి బోలులోకి మైనం పిచికారీ చెయ్యాలి. బయట ఎవరికీ కనిపించని పని అది. కానీ కారు ఆయుష్షు పెంచేది ఆ పనే.

మిగతాది క్రమం తప్పని సేవ. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు 3,000 మైళ్లకోసారి, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకోసారి, గ్రీజు కొట్టాలి. కొట్టకపోతే అవి అరిగి స్టీరింగు బిగుసుకుపోతుంది. వాల్వుల దగ్గర టాపెట్ సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంగుళంలో వెయ్యోవంతులు 15 ఉండాలి. ఫీలర్ గేజి అనే పలచటి రేకుల కట్టతో కొలుస్తాం. రేకు కొంచెం పట్టుకుంటూ జరిగితే సందు సరిపోయినట్టు. మన చేతులకి ఇది కష్టమా? సూదిలో దారం ఎక్కించే చేతులు, పిండి చేతికి తగిలితే నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పే చేతులు మనవి.

రెండు కార్బొరేటర్లుంటాయి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒక రబ్బరు గొట్టం కొన ఒకదాని నోటి దగ్గర, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని వింటే "స్‌స్" మని శబ్దం వస్తుంది. రెండింటి దగ్గరా అది ఒకేలా వినిపించేదాకా మరలు తిప్పాలి. ఇరవై ఏళ్లు స్టెతస్కోపుతో రోగుల గుండెలు విన్న నాకు ఆ పని పరాయిదిగా అనిపించలేదు. ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. బిస్కెట్టు రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లగా ఉంటే తక్కువవుతున్నట్టు. నాలుక చూసి జబ్బు చెప్పినట్టే.

ఇక మార్పుల సంగతి. పాత కారు చేతికి రాగానే కుర్రాళ్లు మొదట అడిగేది "వేగం ఎంత పెంచావు?" అని. నేను వేగం దగ్గర మొదలుపెట్టలేదు. మొదట తనంతట తానే బిగుసుకునే సీటు బెల్టులు వేశాను. తరవాత బ్రేకుల రబ్బరు గొట్టాలన్నీ మార్చి, తొక్కే బలం తగ్గించే సర్వో పెట్టాను. బ్రిటన్‌లో 2000 జనవరి నుంచి మామూలు బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసమే పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును కాపాడేది. అందుకని సిలిండర్ హెడ్డు విప్పి గట్టి లోహం సీట్లు వేయించాను. 2021 నుంచి అక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ వస్తోంది. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ దాన్ని తట్టుకునే రకానికి మార్చాను. మన దేశంలో ఇప్పుడు 20 శాతం కలుపుతున్నారు కాబట్టి, పాత బండ్లు నడిపే మీరు కూడా గొట్టాలు చీలాయేమో చూసుకోవాలి. పెట్రోలు కారితే నిప్పే.

తరవాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. ఇప్పుడు చలిలో ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. రద్దీలో వేడెక్కకుండా విద్యుత్ ఫ్యాను పెట్టాను. అక్కడితో ఆగాను. ఇంజను అదే, గేరుపెట్టె అదే. 2018 మే నుంచి అక్కడి చట్టం ప్రకారం 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని కారుకు ఏడాదికోసారి చేయించే పరీక్ష తప్పనిసరి కాదు. అయినా నేను ప్రతి ఏడూ పరీక్షకు తీసుకెళ్తాను. చట్టం వదిలేసినంత మాత్రాన బ్రేకు పనిచేస్తుందని హామీ లేదు. ఈ మాట మీకు చెప్పాల్సిన పనేముంది? కాగితం మీద చట్టానికీ, నేలమీద భద్రతకూ ఎంత దూరమో మీకంటే ఎవరికి తెలుసు?

పనిలో ఆరోగ్యం సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. పాత కార్ల బ్రేకు లైనర్లలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్ దాన్ని 1999లో పూర్తిగా నిషేధించింది. పాత డ్రమ్ము విప్పితే లోపలి ధూళిని నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి సంచిలో మూటగట్టి పారెయ్యాలి. ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తరవాత క్యాన్సరు వస్తుంది. మన దగ్గర ఆస్బెస్టాస్ రేకుల కింద కాపురాలున్నాయి. కూల్చిన ఇళ్ల దగ్గర ఆ రేకు ముక్కలు ఎత్తేది ఎక్కువగా ఆడకూలీలే. నా గ్యారేజీలో నేను నేర్చుకున్న జాగ్రత్త వాళ్లకి ఎవరైనా చెప్పారా?

ఇప్పుడు రెండో మాట, "మగవాళ్ల". కారు కొన్న కొత్తలో ఏదో సామాను కోసం ఒక షెడ్డుకి వెళ్తే, ప్రశ్న నేనడిగేదాన్ని, జవాబు మా అబ్బాయికి చెప్పేవారు. వాడికప్పుడు 14 ఏళ్లు. వాడికి కారంటే ఆసక్తి కూడా లేదు. మూడోసారి వాడే, "నన్ను కాదు, మా అమ్మను చూసి చెప్పండి" అన్నాడు. నేను సాయంత్రం పూట ఆడవాళ్ల కోసం నడిపే మోటారు తరగతిలో చేరాను. పన్నెండు మందిమి. అందరం ఒకటే మాట అన్నాం. చిన్నప్పుడు నాన్న బండి విప్పుతుంటే అన్నను "ఆ పానా అందుకోరా" అనేవాడు, మమ్మల్ని "మసి అంటుకుంటుంది, లోపలికి పో" అనేవాడు. ఇంగ్లీషు అమ్మాయిదీ అదే కథ, గుంటూరు జిల్లా అమ్మాయిదీ అదే కథ. పానా మన చేతికి రాకపోవడానికి చేతిలో బలం లేకపోవడం కారణం కాదు. ఎవరూ అందించకపోవడమే కారణం.

అందించిన చోట ఏం జరిగిందో చరిత్ర చెప్తుంది. 1935లో ఫ్రాన్సులోని లే మాన్‌లో 24 గంటల పందెంలో మూడు చిన్న ఎంజీ కార్లను ఆరుగురు ఆడవాళ్లు నడిపారు. మూడూ చివరిదాకా నిలిచాయి. పత్రికలు మాత్రం వాళ్లను నాట్యకత్తెలన్నట్టు ఒక వేళాకోళం పేరుతో పిలిచాయి. వాళ్లలో బార్బరా స్కిన్నర్ ఒకరు. నా కారులో ఉన్న ఎస్‌యూ కార్బొరేటరు ఆమె తండ్రి కుటుంబం తయారుచేసిందే.

ఎస్‌యూ కార్బొరేటరుతోనే ఇంకో కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజన్లకు అదే కంపెనీ కార్బొరేటరు. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి దించితే పెట్రోలు అస్తవ్యస్తమై ఇంజను ఆగిపోయేది. పైలట్ల ప్రాణం మీదికి వచ్చేది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, మధ్యలో కొలత ప్రకారం చిల్లు ఉన్న ఒక చిన్న లోహపు బిళ్ల తయారుచేసి పెట్రోలు ప్రవాహాన్ని అదుపులో పెట్టింది. విమానాశ్రయాల చుట్టూ తిరిగి స్వయంగా అవి బిగింపజేసింది. అంతకుముందు 1934లో బ్రూక్‌లాండ్స్‌లో మోటారు సైకిలు మీద గంటకు 100 మైళ్లు దాటి బంగారు నక్షత్రం గెలుచుకున్న మనిషి ఆమె. అయినా ఆమె చేసిన బిళ్లకు మగవాళ్లు పెట్టిన పేరు ఒక బూతు హాస్యం. పని చేసి చూపించినా పేరు దగ్గర తగ్గిస్తారు. ఇది మనకు తెలిసిన తంతే.

మన తెలుగింటి పేరు కూడా చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత గారు. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు వైధవ్యం, చేతిలో నెలల పసిబిడ్డ. ఆమె మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి, విద్యుత్ ఇంజనీరింగు చదివి, 1940లలో మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. డిగ్రీ పత్రం మీద "అతడు" అని అచ్చయి ఉన్నచోట కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చింది. తరవాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల పనిలో పాల్గొన్నారు. బియాట్రిస్ షిల్లింగ్ సభ్యురాలిగా ఉన్న లండన్ మహిళా ఇంజనీర్ల సంఘంలోనే 1965లో పూర్తి సభ్యురాలయ్యారు. మా పెద్దమ్మ పుట్టి పెరిగిన కాలంలోనే, మన భాష మాట్లాడే ఒక వితంతువు చేతికి తీగలూ మీటర్లూ వచ్చాయి. ఈ సంగతి మా పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. "అమ్మా, అంత చిన్న పిల్లా!" అని చాలాసేపు ఊరుకుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆదివారం మగవాడు బండి తుడిచి, నూనె మార్చి, నట్లు బిగిస్తే దాన్ని అభిరుచి అంటాం. మిగతా ఆరు రోజులూ ఆడది ఇల్లు తుడిచి, స్టవ్వు బర్నరు కడిగి, మిక్సీ జారు శుభ్రం చేసి, కుట్టు మిషనుకి నూనె వేస్తే దానికి పేరే లేదు. రెండూ మరమ్మతు పనులే. వస్తువు పాడవకుండా, జీవితం ఆగిపోకుండా చూసే పనులే. ఒకదానికి తీరిక ఉంది, గౌరవం ఉంది, స్నేహితుల బృందం ఉంది. రెండోదానికి విరామమే లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. తేడా 201 నిమిషాలు. రోజూ మూడు గంటలకు పైగా. నాకు టాపెట్లు సరిచెయ్యడానికి అంత సమయం పట్టదు.

తీరిక సరదా కాదు, హక్కు. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అంది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో స్త్రీలకు సమాన హక్కు ఉందంది. ఆ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. హింస మీద, ఆస్తి మీద దాని అధికరణాలు మనం తరచూ వాడతాం. దీన్ని మాత్రం పక్కన పెడతాం. ఆకలి తీరాక చూద్దామనుకుంటాం. కానీ తన కోసం తాను ఒక గంట గడిపే హక్కు లేదని నమ్మిన మనిషి, తన కోసం కోర్టు మెట్లెక్కడం కూడా కష్టమే. నాకు ఆ గంట ఏమిచ్చిందో నాకు తెలుసు. మా ఆయన పోయాక రెండేళ్లు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి గోడ వంక చూస్తూ కూర్చున్నాను. కారు కింద పడుకుని బోల్టు విప్పుతున్నప్పుడు నేను ఎవరి భార్యనూ కాదు, వితంతువునూ కాదు, తల్లిని కూడా కాదు. బోల్టు ఊడాలి, అంతే.

మరమ్మతు విద్య చేతికొస్తే ఊరే ఎలా మారుతుందో మన దేశంలోనే చూశాం. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద గ్రామీణ స్త్రీలు, వారిలో చాలామంది చదువురాని దళిత స్త్రీలు, చేతిపంపుల మెకానిక్కులుగా శిక్షణ పొందారు. నీళ్లు మోసేది ఆడవాళ్లు, పంపు బాగుచేసేది మగవాళ్లు అన్న పద్ధతిని వాళ్లు తిరగేశారు. ఆ పని చేస్తూ చేస్తూ పనిముట్ల పేర్లు, కొలతలు రాసుకోవాల్సి వచ్చి, చదువు కావాలని వాళ్లే అడిగారు. వాళ్లది బతుకుతెరువు, నాది అభిరుచి. ఆ తేడా నేను మరవను. కానీ "ఇది నీకు అర్థం కాదు" అనే గోడ ఇద్దరి ముందూ ఒకటే.

అందుకని మీ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, మీ ప్రతి ఆఫీసులో ఒక పనిముట్ల పెట్టె ఉండాలి. పానాలు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు, గ్రీజు డబ్బా. తాళం సంఘం ఆడవాళ్ల దగ్గరే ఉండాలి. రెండు, మీలో చాలామంది స్కూటర్ల మీద ఊళ్లు తిరుగుతారు. శిక్షణ తరగతుల్లో ఒక పూట బండి మరమ్మతుకి కేటాయించండి. రాత్రివేళ దారిలో బండి ఆగితే ఎవరి దయ మీదా ఆధారపడకుండా ఇంటికి చేరడం కూడా భద్రతే. మూడు, మీరు ఇళ్లకు వెళ్లి సర్వే చేసేటప్పుడు ఆదాయం, అప్పు, హింస అడుగుతారు. ఇకమీద ఇంకో ప్రశ్న కలపండి. "నీకు ఇష్టమైన పని నీ కోసం చేసుకుని ఎన్నాళ్లయింది?" అని. జవాబు రాసుకోండి. ఆ జవాబులు కూడా సాక్ష్యాలే.

మాటలు చాలు. భోజనాలయ్యాక బయట చెట్టు కింద ఆపి ఉన్న స్కూటరు ప్లగ్గు విప్పి, రంగు చూసి చెప్పడం నేర్పిస్తాను. ప్లగ్గు పానా, గేజి నా సంచిలో ఉన్నాయి. విప్పేది నేను కాదు, మీరే. చెంగు బిగించి రండి.